సూది నిలవని ఆవు: ఈతనాటి సూక్ష్మజీవులే అసలు లెక్క

బెంగళూరు చుట్టుపక్కల హోసకోటె, దేవనహళ్లి, ఆనేకల్, చింతామణి వైపు తెలుగు మాట్లాడే పాడి రైతుల దగ్గర పాల ధర తర్వాత ఎక్కువగా వినబడే గోడు ఒకటే. ఆవు ఎదకొస్తోంది, సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తున్నాం, నిలవడం లేదు. రెండు మూడు సార్లు పొర్లేసరికి, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చేసరికి, ముందు వీర్యం మీద అనుమానం పోతుంది, తర్వాత సూది వేసినవాళ్ల చేతి మీద, ఆపైన దాణా మీద. గర్భకోశం మాట అన్నిటికంటే చివర వస్తుంది. ‘లోపల ఇన్ఫెక్షన్ ఉంది’ అని ఎవరో తేల్చి, గర్భకోశంలోకి ఒక యాంటీబయాటిక్ ఎక్కించి వెళ్తారు. మళ్లీ ఇరవై ఒక్క రోజుల ఎదురుచూపు, ఇరవై ఒక్క రోజుల మేత ఖర్చు.

ఎవరూ అడగనిది ఆ ఇన్ఫెక్షన్ వయసు. మొదటి సూది వేయించే రోజుకు చాలా ఆవుల్లో అది రెండు నెలల పాతది. ఈనిన వారంలోనే వేళ్లూనుకుని ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల పాడిలో చూడి గురించి జరిగే చర్చ అంతా ఎద రోజు చుట్టూ తిరుగుతోంది. అది తిరగాల్సింది ఈత రోజు చుట్టూ.

ముందుగా ఒక అపోహ తొలగాలి. గర్భకోశంలో సూక్ష్మజీవులు కనబడితే రోగం ఉన్నట్టే అనుకుంటారు. నిజానికి ఈనిన తొలి రెండు వారాల్లో నూటికి ఎనభై నుంచి నూరు ఆవుల గర్భకోశాల్లో బ్యాక్టీరియా ఉంటుంది. ఎంత శుభ్రమైన కొట్టంలో ఈనినా ఉంటుంది. గర్భకోశ ముఖం తెరుచుకుని ఉంటుంది, మానం వదులుగా ఉంటుంది, లోపల నెత్తురు, మైల, తెగిపోయిన కణజాలం, పైగా ఒంటి వేడి. పేడలో, గడ్డి పరుపులో, ఆవు చర్మం మీద ఉన్న క్రిములకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయినా ఎక్కువ ఆవులు మూడు వారాల్లో ఈ గుంపును తమంతట తామే బయటికి నెట్టేస్తాయి. ఈనిన రోజు సుమారు తొమ్మిది కిలోలుండే గర్భకోశం నెల తిరిగేసరికి కిలోకు దిగుతుంది. అలా ముడుచుకుంటూనే మైలను బయటికి తోస్తుంది. తెల్ల రక్తకణాలు లక్షలుగా వచ్చి క్రిములను మింగుతాయి. ఊడిపోయిన లోపలి పొర కొత్తగా అల్లుకుంటుంది. కాబట్టి అడగాల్సింది క్రిమి ఎలా లోపలికి వెళ్లిందని కాదు, ఎందుకు బయటికి పోలేదని.

పోకుండా నిలిచిపోయే క్రిములు ఊరికే కలిసి ఉండవు, వాటికో వరస ఉంటుంది. మొదటి వారంలో ముందుండేది ఎస్చెరీషియా కోలై, అంటే పేడలో మామూలుగా ఉండే ఇ.కోలై. అది వాపు పుట్టించి మిగతావాటికి దారి చేస్తుంది. వెనకే ట్రూపెరెల్లా పయోజెనెస్ వస్తుంది. పాత పుస్తకాల్లో కొరినిబ్యాక్టీరియం, ఆక్టినోమైసిస్, ఆర్కనోబ్యాక్టీరియం అని మూడు పేర్లతో కనబడేదీ ఇదే, చదువుకునే పిల్లల్ని బాగా తికమక పెట్టిన క్రిమి. చీము గట్టిగా, తెల్లగా కనబడిన ఆవుల్లో ఎక్కువసార్లు దొరికేది ఇదే. ఆ తర్వాత గాలి అక్కర్లేని ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం, ప్రెవొటెల్లా జాతులు చేరతాయి. ట్రూపెరెల్లా వదిలే పదార్థం ఫ్యూసోబ్యాక్టీరియం పెరగడానికి ఉపయోగపడుతుంది. ఫ్యూసోబ్యాక్టీరియం విషం తెల్ల రక్తకణాలను చంపుతుంది. ప్రెవొటెల్లా విడిచే పదార్థం బతికిన కణాలు క్రిములను మింగకుండా అడ్డుపడుతుంది. విడివిడిగా అయితే ఆవు తట్టుకోగల క్రిములే, కలిసినప్పుడు మాత్రం తట్టుకోలేదు.

ట్రూపెరెల్లా పని చేసే తీరు ఇంకొంచెం చెప్పుకోవాలి. పయోలైసిన్ అనే దాని విషం కొలెస్ట్రాల్ ఉన్న కణపొరలకు అతుక్కుని రంధ్రాలు పొడుస్తుంది. గర్భకోశం లోపలి పై పొర కణాలు దీన్ని కొంతవరకు ఓర్చుకుంటాయి. ఆ పొర కింద ఉండే కణాలు ఓర్చుకోలేవు. పై పొర చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం విషం కిందికి చేరదు. కానీ ఈనాక మాయ ఊడిన చోట్ల పై పొర ఉండదు, పచ్చి పుండే ఉంటుంది. అదే క్రిమి వేరే సమయంలో చేయలేని నష్టం ఈతప్పుడు చేయడానికి కారణం ఇదే. చేతులు పెట్టి లోపల గీరిన ఆవులో ఆ పుండు ఇంకా పెద్దదవుతుందని వేరే చెప్పక్కర్లేదు.

చీము ఆగిపోతే పని అయిపోయిందనుకోవడానికీ లేదు. ఇ.కోలై గోడల్లోని విష పదార్థం రక్తంలో కలిసి అండాశయం దాకా వెళ్తుంది. అక్కడ ఎద హార్మోను తయారీ తగ్గుతుంది, మెదడు నుంచి అండం విడుదలకు అందాల్సిన సంకేతం కూడా బలహీనపడుతుంది. ఇంకోవైపు, వాచిన గర్భకోశంలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే హార్మోనులాంటి పదార్థాల పాళ్లు మారిపోతాయి. ఎదచక్రాన్ని ముగించే రకం తగ్గి, అండాశయం మీది పచ్చగ్రంథిని (కార్పస్ లూటియం) నిలబెట్టే రకం పెరుగుతుంది. అందుకే కొన్ని ఆవులు నెలల తరబడి ఎదకే రావు. పైగా అండం పక్వమవడానికి నెలలు పడుతుంది. ఈనిన వారంలో జ్వరం పడిన ఆవులో అప్పుడు పెరగడం మొదలుపెట్టిన అండం విడుదలయ్యేది రైతు సూది వేయించే రోజుల్లో. ఆ రోజున చూస్తే గర్భకోశం శుభ్రంగానే ఉండవచ్చు, అండం మాత్రం దెబ్బతిని ఉంటుంది.

2006లో పశువైద్య పరిశోధకులు ఈ రోగాలకు కాలాన్నిబట్టి హద్దులు గీశారు. అంతవరకు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకునేవారు. ఈనిన ఇరవై ఒక్క రోజుల్లోపు, ఎక్కువగా మొదటి పది రోజుల్లో, గర్భకోశం మొత్తం వాచి, నీళ్లలాంటి ఎరుపు గోధుమ రంగు మైల కంపు కొడుతూ, జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్ దాటితే అది మెట్రైటిస్. ఆవు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి, కనుక డాక్టరును పిలుస్తారు. ఇరవై ఒక్క రోజుల తర్వాత చీము కనబడితే ఎండోమెట్రైటిస్. ఆవు బాగానే తింటుంది, బాగానే పాలిస్తుంది కాబట్టి దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. గర్భకోశ ముఖం మూసుకుపోయి, పచ్చగ్రంథి నిలిచి, లోపల చీము నిండితే పయోమెట్రా. రైతు దాన్ని చూడి అనుకుని నెలలు గడిపేసిన సందర్భాలు అరుదేమీ కాదు. వీటన్నిటికంటే గడ్డుది నాలుగోది. బయటికి ఏమీ కనబడదు, లోపలి పొర కణాలను మైక్రోస్కోపు కింద చూస్తే తెల్ల రక్తకణాల పాళ్లు మాత్రం ఎక్కువగా ఉంటాయి. కారణం తెలియకుండా పొర్లే ఆవుల్లో చెప్పుకోదగ్గ వాటా దీనిదే.

మైక్రోస్కోపు లేకుండా కొంత పట్టుకునే మార్గం ఒకటుంది, అదీ ఖర్చు లేనిది. ఎదకొచ్చిన ఆవు వేసే జిగట ద్రవపు తీగలను చూడటం. ఆరోగ్యంగా ఉన్న ఆవు తీగ గుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా వేలాడుతుంది. అందులో తెల్లటి నలకలు, పసుపు చారలు, మబ్బుదనం కనబడితే ఆ రోజు సూది వేయించకపోవడమే మంచిది. తేటగా కనబడినా అనుమానం ఉంటే వైట్‌సైడ్ పరీక్ష ఉంది. తీగకు సమానంగా పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి వేడి చేస్తారు. పసుపు రంగు తిరిగితే లోపల తెల్ల రక్తకణాలు ఎక్కువ, అంటే వాపు ఉన్నట్టు. రంగు ఎంత ముదిరితే వాపు అంత ఎక్కువ. గాజు గొట్టం, చిన్న స్టవ్ ఉంటే పాల సొసైటీ గది మూలలోనే అయిపోయే పని. అయినా గ్రామాల్లో ఇది జరగడం లేదు. సూది వేసే మనిషి మీద ఒకే రోజు ఎన్నో ఇళ్లు తిరగాల్సిన ఒత్తిడి, రైతుకేమో ఎద దాటిపోతుందన్న టెన్షన్. ‘ఈసారి వద్దు’ అని చెప్పేవాడికి ఎవరూ డబ్బులివ్వరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మాయ పడకపోవడం

క్రిములు బయటికి పోకపోవడానికి కారణాల్లో ముందు చెప్పుకునేది మాయ నిలిచిపోవడం. మామూలుగా ఈనిన ఎనిమిది, పన్నెండు గంటల్లో మాయ పడాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే నిలిచినట్టే. ఊళ్లలో వేలాడే మాయకు రాయో పాత చెప్పో కట్టే అలవాటు ఇంకా పోలేదు. మనిషిని పిలిపించి చేత్తో లాగించడం అంతకంటే ఎక్కువ. లాగించుకోకపోతే డాక్టరు పని చేయలేదని రైతు అనుకుంటాడు, అందుకే తెలిసిన డాక్టర్లు కూడా ఒక్కోసారి చెయ్యి పెట్టేస్తారు.

ఆవు మాయ ఒకే ముక్కగా అతుక్కుని ఉండదు. డెబ్బై నుంచి నూట ఇరవై వరకు బొడిపెల దగ్గర తల్లి గర్భకోశంతో వేళ్లలా అల్లుకుని ఉంటుంది. ఈతప్పుడు ఆ అల్లిక విడిపోవాలంటే తల్లి తెల్ల రక్తకణాలు మాయను పరాయిదిగా గుర్తించి దాడి చేయాలి. ఆ కణాలు మందకొడిగా ఉన్న ఆవుల్లో అల్లిక విడదు. అవే కణాలు మర్నాటి నుంచి గర్భకోశంలో క్రిములతోనూ పోరాడాలి. అంటే మాయ నిలవడం తర్వాతి ఇన్ఫెక్షన్‌కు కారణం అనడం సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, రక్షణ ముందే కుంగిపోయిందని చెప్పే మొదటి గుర్తు కూడా అదే. అలాంటి ఆవులో చేత్తో బొడిపెలు పీకితే కుంగిన రక్షణకు కొత్త పుండ్లు తోడవుతాయి. బయటికి వేలాడేదాన్ని కత్తిరించి, రోజూ జ్వరం చూస్తూ, జ్వరం వచ్చినా మేత మానినా కండరానికి యాంటీబయాటిక్ ఇప్పించడం ఇంతకంటే మేలని చాలా దేశాల అనుభవం చెబుతోంది. నిలిచిన మాయ కుళ్లి తనంతట తానే వారం, పది రోజుల్లో ఊడుతుంది. కంపు భరించడం కష్టమే.

తెల్ల రక్తకణాలు ఎందుకు మందగిస్తాయి? ఈతకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు సంకర జాతి ఆవు తినేదానికి, పాల రూపంలో బయటికి పోయేదానికి పొంతన ఉండదు. కొవ్వు కరిగి రక్తంలో కీటోన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. కాల్షియం పడిపోతుంది. కాల్షియం తక్కువైతే గర్భకోశం కండరం సరిగా ముడుచుకోదు, రక్షణ కణాలకు అందే సంకేతాలూ తగ్గుతాయి. బెంగళూరు చుట్టూ ఎండు మేత అంటే ఎక్కువగా రాగి గడ్డి. అది కాల్షియంలో వరి గడ్డికంటే మెరుగే అయినా, ఇరవై లీటర్ల ఆవుకు ఒక్కటే సరిపోదు. ఏ ప్రాంతం మేతలో ఏ ఖనిజం తక్కువో చూసి దానికి తగ్గ మిశ్రమం తయారు చేసే పద్ధతిని ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ ఎప్పుడో సిద్ధం చేసింది. చూడి చివరి నెలలో ఆవు పాలివ్వదు కనుక దాణా తగ్గించడం మన దగ్గర సర్వసాధారణం. ఆ పొదుపు ఎక్కడ బయటపడుతుందో రైతుకు తెలియదు, ఎందుకంటే అది బయటపడేది నాలుగు నెలల తర్వాత, సూది నిలవనప్పుడు.

తొలిచూలు పడ్డలకు పెద్ద హోల్‌స్టీన్ ఆబోతు వీర్యం వేయించి, దూడ పెద్దదై ఇరుక్కుని లాగాల్సి రావడం ఇంకో కారణం. కవల దూడలు, నెలలు నిండక ఈసుకుపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

చికిత్స గురించి ఒక మాట కఠినంగానే చెప్పాలి. ఈనిన తొలి రోజుల్లో గర్భకోశంలోకి నేరుగా మందు ఎక్కించడం చాలాచోట్ల రివాజు అయిపోయింది. జెంటమైసిన్ లాంటి మందులు పని చేయాలంటే ఆక్సిజన్ కావాలి, కుళ్లుతున్న గర్భకోశంలో అది దాదాపు ఉండదు. పెన్సిలిన్‌ను అక్కడి కొన్ని క్రిములే విరిచేస్తాయి. ఆక్సీటెట్రాసైక్లిన్ లోపలి పొరను మండిస్తుంది, పైగా కొంత రక్తంలోకి చేరి పాలల్లో దిగుతుంది. ఆ పాలు సొసైటీ డబ్బాలోకే వెళ్తాయి. మూడు వారాలు దాటాక, పచ్చగ్రంథి ఉన్న ఆవులో, ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఎదకు తెప్పించడం చాలాసార్లు యాంటీబయాటిక్‌కంటే తెలివైన పని. ఎదలో గర్భకోశ ముఖం తెరుచుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది, చీము బయటికి పోతుంది. పయోమెట్రాకు ఇదే ముఖ్యమైన వైద్యం. అయితే చూడి లేదని ఖాయం చేసుకోకుండా ఇస్తే కడుపు పోతుంది.

ఈ మధ్య ప్రోబయాటిక్ మందులు కూడా మార్కెట్లోకి వస్తున్నాయి. స్త్రీల యోనిలో లాక్టోబాసిల్లై రాజ్యమేలుతాయి, అక్కడ ఆమ్లత ఎక్కువ. ఆవు సంగతి అలా కాదు. ఆమ్లత దాదాపు ఉండదు, లాక్టోబాసిల్లై చాలా తక్కువ. మనుషుల నుంచి ఆవుకు నేరుగా తెచ్చిన తర్కంతో అమ్మే సీసా పట్ల కాస్త జాగ్రత్త పడటంలో తప్పులేదు. కల్చర్ చేయకుండా, అంటే క్రిములను ప్రయోగశాలలో పెంచకుండా, డీఎన్‌ఏ చదివి చేసిన అధ్యయనాల్లో తేలింది వేరు. ఆరోగ్యంగా ఉన్న ఆవుల్లోనూ రోగం పడిన ఆవుల్లోనూ దొరికేవి చాలావరకు అవే క్రిములు. తేడా పాళ్లలో ఉంది. రోగం ముదిరిన గర్భకోశంలో రకాలు తగ్గి, ఫ్యూసోబ్యాక్టీరియం, బ్యాక్టీరాయిడిస్, పోర్ఫిరోమొనాస్ గుంపులు మిగతావాటిని తొక్కేస్తాయి.

బయటి నుంచి వచ్చేవి

ఇంతవరకు చెప్పినవి కొట్టంలోనే ఉండే క్రిములు. ఇంకో రకం క్రిములు కొన్న ఆవుతోనో, ఆబోతుతోనో, కుక్కతోనో, ఎలుకతోనో వస్తాయి. వీటిలో అందరికీ పేరు తెలిసింది బ్రూసెల్లా అబార్టస్. 1897లో డెన్మార్క్‌లో బెర్నార్డ్ బాంగ్ దీన్ని పట్టుకున్నాడు. ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ ఉంటుంది, బ్రూసెల్లాకు అది ఇష్టమైన మేత. అందుకే చూడి ముదిరాక, ఎక్కువగా అయిదో నెల దాటాక, ఆవు ఈసుకుపోతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒకసారి ఈసుకుపోయిన ఆవు తర్వాతి ఈతల్లో మామూలుగానే ఈనవచ్చు. రైతు రోగం నయమైందనుకుంటాడు. కానీ పాలల్లో, ఈతప్పటి మైలలో క్రిమి పోతూనే ఉంటుంది.

విదేశాల్లో పరీక్షించి, రోగం తేలిన ఆవులను కబేళాకు పంపి ఈ రోగాన్ని తుడిచిపెట్టారు. ఇక్కడ ఆ దారి ఆచరణలో లేదు, కర్ణాటకలో గోవధ చట్టం ఎంత కఠినమో తెలిసిందే. కనుక జరిగేదేమిటంటే, ఈసుకుపోయిన ఆవు సంతకెళ్తుంది. ఒక ఊరి సమస్య తీరుతుంది, పలమనేరు నుంచో కృష్ణగిరి నుంచో వచ్చిన కొనుగోలుదారు దాన్ని తోలుకుపోతాడు. అమ్మిన మనిషిని ఒక్కణ్నీ తిట్టి లాభం లేదు, రోగం తేలిన ఆవును ఇంట్లో పెట్టుకుని పోషించే స్తోమత రెండావుల రైతుకు ఉండదు. కొనేవాడు మాత్రం రక్తం తీయించి రోజ్ బెంగాల్ పరీక్ష చేయించుకోవచ్చు. నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్ష అది. అనుమానం మిగిలితే పెద్ద పరీక్షలకు హెబ్బాళలోని పశు ఆరోగ్య సంస్థ, యలహంకలోని జాతీయ పశు రోగ విస్తరణ అధ్యయన సంస్థ ఉన్నాయి. ఇన్ని ప్రయోగశాలలు పక్కనే ఉన్న పాడి ప్రాంతాలు దేశంలో ఎక్కువ లేవు. వాటిని వాడుకునే అలవాటే తక్కువ.

నరకలేని చోట టీకాయే గతి. 2019 సెప్టెంబర్‌లో మథురలో మొదలైన జాతీయ కార్యక్రమం గాలికుంటుతో పాటు బ్రూసెల్లోసిస్‌కూ టీకా వేయిస్తోంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు, జీవితంలో ఒక్కసారి. వాడే ఎస్19 రకం పుట్టుక తమాషాగా ఉంటుంది. 1923లో అమెరికాలో ఒక జెర్సీ ఆవు పాలలో దొరికిన క్రిమిని ప్రయోగశాలలో ఏడాదికి పైగా గది వేడిలో వదిలేస్తే దాని విషం తగ్గి టీకాకు పనికొచ్చింది. బతికున్న క్రిమే కాబట్టి చూడి ఆవుకు వేస్తే ఈసుకుపోవచ్చు, కోడెదూడకు వేస్తే వృషణాలు వాయవచ్చు, వేసేవాళ్లకు సూది గుచ్చుకున్నా ప్రమాదమే. పెద్ద ఆవులకు వేస్తే తర్వాత చేసే రక్తపరీక్షల్లో రోగమో టీకాయో తేలకుండా పోతుంది. ఎనిమిది నెలలు దాటిన దూడకు టీకా లేదన్నమాట, అందుకే దూడ పుట్టిన తేదీ సొసైటీ పుస్తకంలో రాసిపెట్టుకోవడం లాంటి చిన్న పనికి ఇంత విలువ.

ఆబోతుల నుంచి నేరుగా అంటుకునే కాంపైలోబ్యాక్టర్, ట్రైకొమొనాస్ క్రిములను కృత్రిమ గర్భధారణ చాలావరకు అణిచింది. వీర్య కేంద్రాలు ఆబోతులను పరీక్షిస్తాయి, వీర్యంలో యాంటీబయాటిక్ కలుపుతాయి. హెసరఘట్టలోని కేంద్ర ఘనీకృత వీర్య సంస్థ నగరం అంచునే ఉంది. అయితే సూది నిలవని ఆవును చివరికి ఊరి ఆబోతు దగ్గరికి తోలుకెళ్లే అలవాటు ఉంది కదా, చుట్టుపక్కల పొర్లే ఆవులన్నీ చేరేది ఆ ఒక్క ఆబోతు దగ్గరికే. దానికి జబ్బు లక్షణం ఒక్కటీ కనబడదు. కడుపులు పోగొట్టే బోవైన్ హెర్పిస్ వైరస్-1 సంగతి వేరు. అది నరాల ముడుల్లో దాక్కుని, ప్రయాణమో ఈతో ఒత్తిడి తెచ్చినప్పుడు బయటికి వస్తుంది, వీర్యాన్ని నిల్వ చేసే మైనస్ 196 డిగ్రీల నత్రజని ద్రవం కూడా దాన్ని చంపదు.

ఎలుక మూత్రంతో కలుషితమైన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరా, బూజు పట్టిన మేతతో వచ్చే ఆస్పర్జిల్లస్, కుక్క మలంతో వచ్చే నియోస్పోరా కూడా కడుపులు పోగొడతాయి. వీధికుక్కలు ఇంతగా ఉన్న నగరం అంచుల్లో పడిన మాయను, ఈసుకుపోయిన పిండాన్ని పేడదిబ్బ మీద పారేస్తే కుక్క తింటుంది, తిన్న కుక్క మేతలో విసర్జిస్తుంది. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టడం అందుకే.

కడుపు పోయిన ప్రతిసారీ బ్రూసెల్లాయే అనుకుని ఊరుకోకూడదు, బ్రూసెల్లా కాదనుకుని ఒట్టి చేతులతో ముట్టుకోనూ కూడదు. మనిషికి పాకే రోగం అది. వచ్చిపోయే జ్వరం, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు, ఆరు వారాల పాటు రెండు రకాల మందులు. కాచిన పాలతో భయం లేదు, పాశ్చరైజ్ చేసిన పాకెట్ పాలతోనూ లేదు. అపార్ట్‌మెంట్లకు ‘ఫామ్ నుంచి నేరుగా’ అని వచ్చే పాలు కాచకుండా తాగితేనే చిక్కు. పిండాన్ని, మాయను తీసేవాళ్లకు, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లకు, ప్రమాదం ఇంకా ఎక్కువ. చేతికి పొడవాటి గ్లవుజులు, మూతికి గుడ్డ కట్టుకోవాలి. కారణం తేల్చుకోవాలంటే పిండం కడుపులోని ద్రవం, బొడిపెతో సహా మాయ ముక్క, ఆవు రక్తం అదే రోజు ఐస్ పెట్టెలో ప్రయోగశాలకు చేరాలి. రెండు మూడు వారాల తర్వాత రెండోసారి రక్తం తీసి పోల్చాలి. ఫార్మలిన్‌లో వేసి తెచ్చిన ముక్క కల్చర్‌కు పనికిరాదు.